బెనిఫిట్స్ మీద ఉన్నవాళ్లకు ఇల్లు ఇవ్వరు... ఆ భయం పుట్టించింది సర్కారే

లండన్‌లో ఈస్ట్‌హామ్ గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చదువుకోడానికి వెళ్లిన తెలుగు పిల్లలు చాలామంది మొదటి గది అక్కడే వెతుక్కుంటారు. నేనూ అక్కడే, ఒక తెలుగు అన్న ఇంట్లో పై గదిలో రెండేళ్లున్నాను. కింద పోర్షన్ ఖాళీ అయినప్పుడు ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చింది. వృద్ధుల కేర్ హోమ్‌లో పని. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టుంది, ఒంటిమీద నీలం యూనిఫామ్ ఉంది. వంటగది చూసింది, స్కూలు ఎంత దూరమని అడిగింది. పెద్దపిల్ల అప్పటికే కిటికీ పక్కన తన మంచం ఎక్కడ వేసుకోవాలో తమ్ముడికి చూపిస్తోంది. అద్దెలో కొంత యూనివర్సల్ క్రెడిట్ నుంచి, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు సర్కారు నెలనెలా ఇచ్చే సాయం నుంచి, వస్తుందని ఆవిడ దాచకుండా చెప్పింది. అన్న మొహం మారిపోయింది. ఏజెంటు ఫోన్ చేస్తాడులెండి అన్నాడు. ఆవిడకు అర్థమైంది. చిన్నవాడి జాకెట్ జిప్పు పైకి లాగి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

తర్వాత టీ తాగుతూ అన్నను అడిగాను. "మంచి మనిషేనమ్మా, చూస్తే తెలుస్తోందిగా. కానీ నా మార్ట్‌గేజ్ ఒకటో తారీఖున కట్ అయిపోతుంది. ఆవిడ డబ్బులు ఎప్పుడొస్తాయో, ఎంతొస్తాయో ఆవిడకే తెలీదు" అన్నాడు.

బ్రిటన్‌లో ఇళ్ల యజమానులు బెనిఫిట్స్ మీద, అంటే సర్కారు సాయం మీద, ఉన్నవాళ్లను ఎందుకు వద్దంటారన్న చర్చంతా నాకు ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది. అన్న భయపడింది ఆవిడను చూసి కాదు, ఆవిడ తరఫున డబ్బు ఇవ్వాల్సిన ప్రభుత్వాన్ని చూసి.

నేపథ్యం చాలామందికి తెలిసిందే. ప్రకటనల్లో "నో డీఎస్ఎస్" అని రాసేవాళ్లు. డీఎస్ఎస్ అంటే ఒకప్పుడు బెనిఫిట్స్ చూసిన శాఖ. అది 2001లోనే పోయింది, బెనిఫిట్స్ వాళ్లు వద్దు అనడానికి ఆ మాట మాత్రం మిగిలిపోయింది. 2020 జులైలో యార్క్ కోర్టు, ఇలా గుండుగుత్తగా వద్దనడం 2010 నాటి సమానత్వ చట్టానికి విరుద్ధమని తేల్చింది. బెనిఫిట్స్ ఎక్కువగా తీసుకునేది ఆడవాళ్లు, వికలాంగులు కాబట్టి ఇది వాళ్ల మీద వివక్షే అవుతుందని దాని సారాంశం. 2025 అక్టోబరులో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ఇంగ్లండ్‌లో ఈ వివక్షను నేరుగా నిషేధించింది. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21ని కూడా తీసేసింది, 2026 మే 1 నుంచి అమలు అని ప్రకటించారు.

మంచి చట్టమే. కానీ జబ్బు ఎక్కడుందో చూడకుండా రాసిన మందు.

లెక్క చూడండి. 2008 ఏప్రిల్‌కు ముందు అద్దెదారు కోరుకుంటే అద్దె కోసం సర్కారు ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్ నేరుగా ఇంటి ఓనరుకే వెళ్లేది. ఆ ఏడాది లోకల్ హౌసింగ్ అలవెన్స్ తెచ్చి, డబ్బు అద్దెదారు చేతికే ఇస్తాం, బాధ్యత నేర్పుతాం అన్నారు. అప్పుడు ఆ ఏరియా అద్దెల్లో మధ్యస్థానంలో ఉన్న మొత్తం దాకా ఇచ్చేవాళ్లు. 2011లో దాన్ని కిందకు దించారు. ఒక ఏరియాలో ఇళ్లను అద్దె ప్రకారం వరసలో పెడితే, అడుగు నుంచి 30 శాతం ఇళ్లకు మాత్రమే సరిపోయేంత. 2016 నుంచి నాలుగేళ్లు ఆ రేటును కదపలేదు. కోవిడ్ వచ్చాక 2020లో సరిచేశారు, మళ్లీ 2024 దాకా ముట్టుకోలేదు. 2024లో ఒకసారి పెంచి, మరుసటి ఏడాదే మళ్లీ ఆపేశారు. ఈ మధ్యలో అద్దెలు ఆగాయా? ఆ తేడా ఎవరు కట్టాలి? కేర్ హోమ్‌లో పనిచేసే తల్లి పిల్లల తిండి ఖర్చులోంచి తీసి కట్టాలి. ఆమె కట్టలేని రోజు ఒకటి వస్తుందని ఓనరుకు ముందే తెలుసు.

పైగా యూనివర్సల్ క్రెడిట్‌కు అప్లై చేస్తే మొదటి డబ్బు చేతికి రావడానికి ఐదు వారాలు పడుతుంది. ముందే కావాలంటే అడ్వాన్స్ ఇస్తారు, కానీ అది అప్పు, తర్వాత వచ్చే డబ్బులోంచి కోసుకుంటారు. అంటే కొత్తింట్లో అడుగుపెట్టిన రోజే బకాయి మొదలు! అద్దె నేరుగా తనకే పంపమని ఓనరు అడగాలంటే మామూలుగా రెండు నెలల బాకీ పడాలి. ఏ వ్యాపారిని అడగండి, ముందు రెండు నెలలు నష్టపోయి వచ్చి అప్లికేషన్ పెట్టుకో అంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇక కొత్త చట్టంలో నన్ను నిజంగా బాధపెట్టే సంగతి ఒకటుంది. బాకీ వల్ల ఖాళీ చేయించాలంటే ఇప్పుడు మూడు నెలల బకాయి ఉండాలి. అందులో యూనివర్సల్ క్రెడిట్ ఇంకా చేతికి రాకపోవడం వల్ల పడిన బాకీని లెక్కలోకి తీసుకోకూడదు. అద్దెదారు వైపు నుంచి ఇది న్యాయం, నేను కాదనను. కానీ ప్రభుత్వం తన ఆలస్యం తనకు తెలుసని చట్టంలోనే ఒప్పుకుని, దాని భారం ఇంటి ఓనరు మీద పెట్టి, బెనిఫిట్స్ వాళ్లను వద్దన్నావో జరిమానా వేస్తానంటోంది. దీనికి ఓనరు ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. బెనిఫిట్స్ మాటే ఎత్తడు. ఏడాది ఆదాయం నెల అద్దెకు 30 రెట్లు ఉండాలంటాడు, గ్యారంటర్ కావాలంటాడు. స్తోమత చూసుకునే హక్కు చట్టం ఎలాగూ అతనికి ఉంచింది. ఆ నీలం యూనిఫామ్ ఆవిడ అప్పుడూ బయటే.

ఓనర్లకు దురభిప్రాయాలు లేవా అంటే, ఉన్నాయి. బెనిఫిట్స్ అనగానే పని ఎగ్గొట్టేవాళ్లు, ఇల్లు పాడుచేసేవాళ్లు అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. యూనివర్సల్ క్రెడిట్ తీసుకునేవాళ్లలో దాదాపు మూడో వంతు ఉద్యోగం చేస్తున్నవాళ్లేనన్న సంగతి వాళ్ల చెవికెక్కదు. అలాంటివాళ్లకు చట్టంతో బుద్ధి చెప్పాల్సిందే. కానీ అందరూ అలాంటివాళ్లే అయితే, డబ్బు పద్ధతి ఎలా ఉన్నా ఒకటే అన్నమాట. నేను దాన్ని నమ్మను. స్కాట్లాండ్‌లో 2017 నుంచి అద్దె నేరుగా ఓనరుకు పంపమని అద్దెదారే కోరుకోవచ్చు, బాకీ పడక్కర్లేదు. నార్తర్న్ ఐర్లాండ్‌లో మామూలుగానే నేరుగా ఓనరుకు పంపుతారు. అదే దేశం, అదే యూనివర్సల్ క్రెడిట్. అక్కడ కుదిరింది ఈస్ట్‌హామ్‌లో ఎందుకు కుదరదు?

ఇంత దూరపు ఊరి గొడవ మనకెందుకు అంటారా? ఇది మన ఇంట్లో గొడవే. మన దగ్గర ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, పేదవాడు కార్పొరేట్ ఆస్పత్రి మెట్లెక్కాడు. నిజంగా గొప్ప పథకం. తర్వాత బకాయిలు పేరుకున్నాయి. ఏ పార్టీ ప్రభుత్వమైనా, రెండు రాష్ట్రాల్లోనూ, నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామనడం మనం వింటూనే ఉన్నాం. కార్డు చూపించగానే రిసెప్షన్‌లో గొంతు మారిపోతుంది. "బెడ్లు లేవమ్మా" అంటారు. ఈస్ట్‌హామ్‌లో ఆ అన్న చెప్పిన "ఏజెంటు ఫోన్ చేస్తాడు" కూడా ఇదే మాట.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా దారుణం. మా పెద్దమ్మ మనవడు ఇంజనీరింగ్ పాసై సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్తే తోడుగా నేనూ వెళ్లాను. కౌంటర్ దగ్గర గుమస్తా రిజిస్టర్ తిప్పి, పేరు పక్కన ఎర్ర సిరాతో గీసిన గీత చూపించాడు. "గవర్నమెంట్ నుంచి నీ ఫీజు రాలేదు బాబూ. కట్టేసి తీసుకెళ్లు, వాళ్లు ఇచ్చినప్పుడు నీకిచ్చేస్తాం." వాడికి ఇంకో వారంలో ఉద్యోగంలో చేరాలి. పెద్దమ్మ మెడలో నానుతాడు తాకట్టుకెళ్లింది. బాకీ పడింది ప్రభుత్వం, ఎర్ర గీత పడింది పిల్లాడి పేరు పక్కన.

లండన్‌లో అయినా హైదరాబాద్‌లో అయినా పథకం ప్రకటించిన రోజు ఫొటో నాయకుడిది, డబ్బు రాని రోజు అవమానం పేదవాడిది. ఆస్పత్రినీ కాలేజీనీ ఇంటి ఓనరునీ తిట్టడం తేలిక, ఎందుకంటే వాళ్లు ఎదురుగా కనిపిస్తారు. బిల్లు ఆపిన ఆర్థిక శాఖ ఎవరికీ కనిపించదు.

ఇంగ్లండ్‌లో చేయాల్సింది కష్టమేమీ కాదు. అద్దె డబ్బు అద్దెదారు సరేనంటే మొదటి నెల నుంచే నేరుగా ఓనరుకు పంపాలి. ఆ ఐదు వారాల అద్దె అప్పుగా కాకుండా ప్రభుత్వమే భరించాలి. రేటును ఏటా ఆ ఏడాది అద్దెలను బట్టి సవరించాలి. ఇవి చేశాక కూడా కాదన్న ఓనరుకు ఎంత జరిమానా వేసినా నేను సమర్థిస్తాను.

ఆ కింద పోర్షన్ ఆవిడకు ఇవ్వలేదు. నెలన్నర ఖాళీగా ఉండి, చివరికి ఒక ఐటీ కుర్రాడు వచ్చాడు. కిటికీ పక్కన అతను టీవీ పెట్టుకున్నాడు.