మానేసిన మూడో రోజు

ఇచ్ఛాపురం దగ్గర గంజాయి పట్టుకున్నారని, పలాస స్టేషన్‌లో ఎవడి బ్యాగులోనో సరుకు దొరికిందని జిల్లా పేజీలో తరచూ చదువుతూనే ఉంటాం. ఏజెన్సీ నుంచి, ఒడిశా కొండల నుంచి దిగే సరుక్కి మన శ్రీకాకుళం, విజయనగరం దారిలో ఉన్నాయి మరి. పట్టుకోవాల్సిందే. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, కాకపోతే దొరికేది ఎక్కువగా మోసే కుర్రాళ్లే. అది అలా ఉంచండి.

మా వీధిలో ఇళ్లు కూల్చింది గంజాయి కాదు, లైసెన్సున్న మందు. 1993లో సారా ఆపారు, 1995లో మొత్తం మద్యమే ఆపారు, 1997లో మళ్లీ తెరిచారు, 2019లో ప్రభుత్వమే షాపులు పెట్టి అమ్మింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకిచ్చి క్వార్టర్ 99 రూపాయలకే అన్నారు. ముప్పై ఏళ్లుగా షాపు ఎవరిదన్నదే గొడవ, తాగేవాడి గొడవ ఎవరికీ పట్టలేదు. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స దాకా వస్తున్నారని కేంద్రం ఎయిమ్స్‌తో చేయించిన సర్వే 2019లోనే చెప్పింది.

మిగతావాళ్లు ఏం చేస్తారు? మాల వేసుకుంటారు. మా ఎదురింటాయన చెన్నైలో తాపీపని చేసొచ్చేవాడు, పొద్దున్న లేవగానే పడకపోతే చెయ్యి వణికేది. ఒక కార్తీకంలో మాల వేసుకుని ఒక్కసారిగా ఆపేశాడు, అందరం మెచ్చుకున్నాం. మూడో రోజు రాత్రి గోడమీద పాములంటూ కేకలు, ఒళ్లంతా చెమట, తర్వాత ఫిట్స్. గాలి సోకిందని తెల్లారేదాకా వేపమండలతో దిగతుడిచారు, నేనూ అక్కడే నిలబడి చూశాను, సిగ్గుపడే చెబుతున్నా.

అది గాలి కాదు. ఏళ్ల తరబడి మందు మెదడును జోకొడుతుంటే, మెలకువగా ఉండటానికి మెదడు అంతకంతా ఎదురు తన్నుతుంది. జోల ఒక్కసారిగా ఆగితే ఆ తన్ను మాత్రం మిగులుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగో రోజు మధ్య మతి చెదరొచ్చు, పట్టించుకోకపోతే ప్రాణమే పోవచ్చు. డాక్టరు చూస్తూ వారం పాటు మాత్రలిచ్చి, విటమిన్ బి1 ఇంజెక్షన్ చేస్తే చాలామంది దాటేస్తారు. మనవాళ్లకు ఆసుపత్రి అనగానే విశాఖలోని చినవాల్తేరు మానసిక ఆసుపత్రి గుర్తొస్తుంది, ‘నన్ను పిచ్చోడనుకున్నారా’ అని మొదటి కేక తాగేవాడిదే.

ఇంకోటి, బస్సు కాంప్లెక్సు గోడల మీద ‘తెలియకుండా మందు మాన్పిస్తాం’ అని రాసుంటుంది చూడండి, ఆ పొడుల జోలికి పోవద్దు. అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మాత్ర ఉందనుకోండి, అది తెలియక తాగేవాడు రోజూలాగే తాగితే బీపీ పడిపోయి అక్కడే కుప్పకూలొచ్చు. భార్య సాంబారులో కలిపేది ప్రేమతోనే, అదే బాధ.

మా ఎదురింటాయన బతికాడు, అంబులెన్సు వేళకి రాబట్టి. ఈసారి మీ వీధిలో రోజూ తాగేవాడు మాల వేసుకుంటానంటే, వేసుకోనివ్వండి, కానీ అంతకుముందే డాక్టరుకు చూపించండి. 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఎంత తాగుతున్నావని డాక్టరు అడిగినప్పుడు మాత్రం భార్యను కాసేపు బయట కూర్చోబెట్టండి, ఆవిడ ముందు అందరూ సగమే చెబుతారు.