వాతాపిని అరిగించింది ఎవరు?

మన ఇళ్లలో పసిపిల్లలకి పాలు పట్టాక పొట్ట నిమురుతూ 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అంటారు కదా. అగస్త్యుడు మేకగా మారిన రాక్షసుణ్ణి తినేసి ఒక్క మాటతో అరిగించుకున్నాడు, పేరంతా ఆయనకే. ఆ మాంసాన్ని కడుపులో ఆమ్లంలో నిలబడి ముక్కలు చేసిన పెప్సిన్ అనే ఎంజైమ్ ఊసు ఏ పురాణంలోనూ లేదు. 1836లో థియోడర్ ష్వాన్ అనే జర్మన్ కనిపెట్టి ఆ పేరు పెట్టేదాకా దానికి ఆధార్ కార్డు కూడా లేనట్టే లెక్క!

ఇప్పుడు ఆ పేరంతా గోలీసోడా కొట్టేస్తోంది. మొన్న పెళ్లిలో మా బాబాయ్ గుత్తివంకాయతో మొదలెట్టి, బూరెకి చిల్లు పెట్టి అందులో నెయ్యి పోయించుకుని, పెరుగన్నంతో ముగించి, చెయ్యి కడగ్గానే సోడా తాగి బ్రేవ్‌మని త్రేన్చాడు. "హమ్మయ్య, అరిగిపోయిందిరా" అన్నాడు. చివరి ముద్ద దిగి నాలుగు నిమిషాలు కాలేదు! పైకి వచ్చింది సోడాలో పట్టించిన కార్బన్ డయాక్సైడ్, వెళ్లిన దారినే తిరిగొచ్చిందంతే. బూరె ఇంకా జీర్ణాశయంలోనే కూర్చుని ఉంది, దాన్ని కొంచెం కొంచెంగా పేగులోకి పంపడానికి గంటలు పడుతుంది, నెయ్యి ఉంది కాబట్టి ఇంకా ఆలస్యం.

అసలు కష్టమంతా క్లోమానిది, అదే పాంక్రియాస్‌ది. రోజుకి లీటరున్నర దాకా రసం తయారు చేస్తుంది. పైత్యరసం నెయ్యిని సన్నని బొట్లుగా విడగొట్టాక, ఆ బొట్ల మీద పడి పనిచేసే లైపేజ్ దీని సరుకే. మాంసకృత్తుల్ని కోసే ట్రిప్సిన్‌ని మాత్రం నిద్రపుచ్చి పంపుతుంది, దారిలో మెలకువ వస్తే కన్నతల్లినే తినేసే రకం మరి. పేగులోకి చేరాక అక్కడి ఎంటరోకైనేజ్ అనే ఎంజైమ్ తట్టి లేపుతుంది. ఇంత జాగ్రత్తగా సంసారం నడిపే అవయవానికి ఈ సమాజం ఒక్క శాలువా కప్పలేదు. కప్పుదామన్నా అది జీర్ణాశయం వెనక నక్కి ఉంటుంది, పిలిచినా వేదికెక్కని ఘటం.

ఈ మొత్తం వ్యవహారంలో మనకి అప్పజెప్పింది ఒక్క పని, నమలడం. అన్నం ముద్దని కాసేపు నములుతూ ఉంటే తియ్యగా తగులుతుంది, లాలాజలంలోని ఎమైలేజ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్‌గా మారుస్తోందన్నమాట. బాబాయ్ ముద్దలకి ఆ టైమెక్కడిది, ఒకటి లోపలికి పోయేసరికి రెండోది గుమ్మంలో నిలబడి ఉంటుంది.

రాత్రి పదకొండింటికి ఫోన్. పొట్ట రాయిలా ఉందట.

"ఆ సోడాలో గ్యాస్ సరిగ్గా కొట్టలేదురా వెధవలు" అన్నాడు.