చింతపండు పులుసు మరిగితే విషమా?

హన్మకొండలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "చింతపండులోని టార్టారిక్ యాసిడ్ 60 డిగ్రీలు దాటగానే విరిగి విషమవుతుంది. అందుకే మన పెద్దలు పచ్చి పులుసు చేసుకున్నారు. మరిగిస్తే పులుపు చచ్చిపోవడమే సాక్ష్యం." అది చదివి పక్కింటి అత్తమ్మ చారు పెట్టడం మానేసింది.

ముందు ఆ 60 సంగతి. నీళ్లు లేకుండా ఉత్త టార్టారిక్ యాసిడ్ పొడి వేడికి కరగడానికే దాదాపు 170 డిగ్రీలు కావాలి. విరగడం జోరందుకునేది కూడా ఆ దరిదాపుల్లో, ఇంకా పైన. పులుసులో నీళ్లున్నంతసేపు మంట ఎంత పెంచినా వేడి 100 దగ్గరే ఆగుతుంది. కుక్కర్లో అయితే 120.

అసలు తప్పు "దాటగానే" అన్న మాటలో ఉంది. రసాయన చర్య కరెంటు స్విచ్ కాదు. వేడిని బట్టి దాని వేగం ఎలా మారుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లోనే సూత్రం కట్టాడు. పది డిగ్రీలకు రెట్టింపు అనే మోటు లెక్క వేసుకున్నా, 170 నుంచి 100కి దిగేసరికి వేగం ఏడుసార్లు సగమై 128వ వంతుకు పడిపోతుంది. అక్కడ గంటలో అయ్యే పనికి ఇక్కడ ఐదు రోజులు దాటుతుంది. (పొడి లెక్క నీళ్లలో కరిగినదానికి అచ్చంగా అతకదు, నిజమే. కానీ ఐదు రోజులు పులుసు మరిగించేదెవరు?)

పులుపు చావడమా? రెండు గ్లాసుల రసం తీసి, ఒకటి అరగంట మరిగించి, ఇగిరినన్ని నీళ్లు మళ్లీ పోసి చల్లార్చాను. నాలుకకు తేడా తెలియలేదు. వెనిగర్ అయితే ఆవిరితో పాటు లేచిపోయి ముక్కుకు ఘాటుగా తగులుతుంది. అది పారిపోవడం, విరగడం కాదు. టార్టారిక్ అలా లేవదు. కూరలో పులుపు తగ్గినట్టు అనిపించేది బెల్లం, ఉల్లిగడ్డల పుణ్యం.

ఇక పెద్దలు. చేపల పులుసు మరిగించిందీ వాళ్లే.

మెసేజ్‌కు కాస్త దగ్గరగా ఉన్న నిజం విటమిన్ సి ఒక్కటే. వేడికి, గాలికి అది తరుగుతుంది, అందుకే నిమ్మకాయ పొయ్యి దించాక పిండుతాం. తరిగినా విషం కాదు. చింతపండులో అది ఉండేదే కొంచెం.

భయపడాల్సింది గిన్నెకు. చింతపండుతో రుద్దితే ఇత్తడి చెంబు తళతళలాడుతుంది కదా, కళాయి పోయిన గిన్నెలో పులుసు చేసేదీ అదే పని. రాగి మెల్లగా అందులోకి దిగుతుంది. నిన్న అత్తమ్మ వంటింట్లోకి తొంగిచూశాను. చారు లేదు. అడుగున పచ్చగా ఇత్తడి తేలిన పాత గిన్నెలో, పొద్దున కలిపిన పచ్చి పులుసు సాయంత్రం దాకా అలాగే ఉంది.