వేలిముద్రలో ఐఐటీ ర్యాంకు

మనస్తత్వ శాస్త్రవేత్తలు అనవసరంగా శ్రమపడుతున్నారని నా గట్టి నమ్మకం. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వూంట్ మనస్తత్వ ప్రయోగశాల తెరిచిన నాటి నుంచీ ఒకటే చాదస్తం. ముందు ఒక ఊహ చెప్పాలట. అది తప్పయితే తప్పని తేలేలా చెప్పాలట. ఎవరో ఇంకోచోట అదే ప్రయోగం చేసినా అదే ఫలితం రావాలట. ఒక్కసారి హనుమకొండ వచ్చి చూస్తే వాళ్ల కళ్లు తెరుచుకుంటాయి. మొన్న మావాడి స్కూల్లో టై కట్టుకున్న ఒక నిపుణుడు ల్యాప్‌టాప్, స్కానర్ పెట్టుకొని, భోజనాల వేళకల్లా తరగతి మొత్తం మెదళ్లు తేల్చేశాడు. పది వేళ్ల ముద్రలు, ఫీజు ఇస్తే చాలు, పిల్లల తెలివెంతో, ఏ చదువు అబ్బుతుందో రిపోర్టు వచ్చేస్తుంది.

వేలిముద్రలు, మెదడు తల్లి కడుపులో ఒకే కాలంలో తయారవుతాయి కాబట్టి ఇది చూస్తే అది తెలుస్తుందట. గోళ్లు మొదలయ్యేదీ ఆ నెలల్లోనే. గోళ్లు చూసి ర్యాంకు చెప్పే కోర్సు ఇంకా ఎందుకు పెట్టలేదో!

పరకాల దిక్కు నుంచి మనవణ్ని తీసుకొచ్చిన ఒక ముసలమ్మకు ముచ్చటేసింది. "నాయి గూడ జూడు బిడ్డా, నా మెదడు ఎట్లున్నదో" అని చేతులు చాపింది. ఏళ్ల తరబడి నాట్లేసి, కలుపు తీసిన చేతులు. స్కానర్ పట్టలేదు. నిపుణుడు రుమాలుతో ఒక్కో వేలూ తుడిచాడు, గట్టిగా ఒత్తాడు, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. "రేషన్ షాపుల గూడ గిట్లనే పడయి బిడ్డా. ఆడ కన్ను జూసి బియ్యమిస్తరు. నువ్వు గూడ కన్ను జూడరాదు?" అందామె. ఆయన చెమట తుడుచుకొని "డేటా లేదమ్మా" అన్నాడు. "అంటే నాకు మెదడు లేనట్టేనా?" హాలంతా నవ్వు. ఊళ్లో మహిళా సంఘం లెక్కలన్నీ నోటికి చెప్పే మనిషట ఆమె. సిద్ధాంతం ప్రకారం ఆ తెలివంతా వరి మళ్లలో అరిగిపోయి ఉండాలి.

ఇక రిపోర్టులు. "మీ బాబులో సృజన ఉంది, బయటికి రావడం లేదు. ప్రోత్సహిస్తే రాణిస్తాడు." పక్కాయన తన కూతురి రిపోర్టు చదివి కళ్లు తుడుచుకున్నాడు. అందులోనూ దాదాపు అవే ముక్కలు. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పని చేశాడు. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, అందరికీ ఒకటే కాగితం ఇచ్చాడు. అందులోని వాక్యాలు ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవే. తమ గురించి ఎంత బాగా చెప్పిందో మార్కులు వేయమంటే 5కి సగటున 4.26 వేశారు. ఆయన దాన్ని మనుషులు ఎంత తేలిగ్గా నమ్ముతారో చూపడానికి వాడాడు. మనవాళ్లు ఫీజు వసూలుకు వాడుతున్నారు.

నేను ఆ నిపుణుణ్ని ఒక చిన్న పరీక్ష అడిగాను. పేర్లు తీసేసి రిపోర్టులన్నీ కలిపేద్దాం, ఏది ఎవరిదో మీకూ తెలియకూడదు, తల్లిదండ్రులను ఏరుకోమందాం. కళ్లు మూసుకొని తీస్తే కుదిరే వాటికంటే ఎక్కువ కుదిరితే మీ కాళ్లకు దండం పెడతాను అన్నాను. "అది నెగెటివ్ థింకింగ్ సార్" అన్నాడు.

2015లో సుమారు 270 మంది పరిశోధకులు సైకాలజీలో అచ్చయిన 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూశారు. ఈసారి చెప్పుకోదగ్గ ఫలితం వచ్చినవి 36 శాతమే. తమ శాస్త్రం పరువు తామే బజారున పెట్టుకున్నారు. సిగ్గున్నవాళ్లు చేసే పని అది.

సిగ్గు లేనివాడి సంగతి ఆ పక్కాయన కూతురిని అడగండి. లెక్కల్లో క్లాసు ఫస్ట్. రిపోర్టులో "గణితం: సగటు కంటే తక్కువ" అని ఉంది. "మిషన్ జెప్పింది గదా సారూ, ఎంపీసీ వద్దు, బైపీసీల ఏస్త" అన్నాడు తండ్రి. పిల్ల నేల చూస్తూ నిలబడింది. 2019లో ఇంటర్ ఫలితాలొచ్చాక ఈ రాష్ట్రంలో ఎందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో అప్పుడే మరిచిపోయామా? మార్కుల మెమో చూసి "నేను పనికిరాను" అనుకున్న పిల్లలు వాళ్లు. ఆ మాట పరీక్ష కూడా రాయకముందే రంగు కాగితం మీద అచ్చేసి పదో తరగతి పిల్ల చేతికిస్తారా? ఎవడిచ్చాడు మీకా హక్కు? ఏ పరీక్షకూ నిలబడని మిషన్‌ను స్కూలు హాల్లోకి రానిచ్చిన హెడ్మాస్టరు గారూ, మీరూ చెప్పండి. అందులో మీ వాటా ఎంత?