పోటీ లేని సీటు కూడా ఒక సీటేనా?

అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులందరి తరఫునా, ఎవరూ నన్ను అడక్కపోయినా, ఈ హెచ్చరిక జారీ చేస్తున్నాను. ఇంట్లో పన్నెండో తరగతి పిల్లలున్నవాళ్ళు ముందుగా ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి చదవండి. కమ్యూనిటీ కాలేజీ, అంటే ఇంటి దగ్గరే ఉండే రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ, అనే ఆపద మన గుమ్మం దాకా వచ్చేసింది.

గుమ్మం దాకా అని ఊరికే అనడం లేదు. ఫీనిక్స్ చుట్టూ ఉన్న మారికోపా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇలాంటివి ఒకటి కాదు, రెండు కాదు, పది ఉన్నాయి. అందులో ఒకటి మేం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళే దారిలోనే తగులుతుంది. కరివేపాకు కోసం వెళ్ళిన ప్రతిసారీ అక్కడ మొహం అటు తిప్పుకుని కారు నడుపుతున్నాను. ఇప్పటికి రెండుసార్లు రెడ్‌లైట్ దాటేశాను కూడా.

నా అభ్యంతరం చదువు మీద కాదు. సీటు మీద. అక్కడ సీటు కొట్టక్కర్లేదు. వెళ్ళి అడిగితే ఇచ్చేస్తారు! ఎంట్రన్స్ లేదు, కటాఫ్ లేదు, కౌన్సెలింగ్ రోజున హాల్ బయట వేపచెట్టు కింద నాన్న నిలబడి గోళ్ళు కొరుక్కోవడం లేదు. అది సీటెలా అవుతుంది? సీటంటే మనవాడికి దొరికింది అని కాదు కదా, పక్కింటివాడికి దొరకనిది అని. టీవీలో ‘ఒకటి... ఒకటి... ఒకటి... రెండు... రెండు...’ అని గుండెలదిరేలా అరిచే ప్రకటనల మధ్య పెరిగిన జాతి మనది. అమెరికా ర్యాంకుల పట్టికల్లో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ వరస ఎంత కిందికి చదువుకుంటూ పోయినా ఈ రెండేళ్ళ కాలేజీలు కనబడవు. ఆఖరి ర్యాంకు వచ్చినా ఏదోలా సర్ది చెప్పుకోవచ్చు. అసలు ర్యాంకే లేనిదాన్ని వాట్సాప్‌లో ఏమని పెట్టుకోవాలి?

ఇక ఫీజు. ఇదీ అనుమానించాల్సిన విషయమే. 2023-24లో కౌంటీలో ఉండేవాళ్ళకి క్రెడిట్‌కి (చదువుని కొలిచే యూనిట్‌కి) 97 డాలర్లు తీసుకున్నారు. రెండేళ్ళ చదువుకి పట్టే అరవై క్రెడిట్లకి లెక్కేస్తే 5,820. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో, అంటే మన ఏఎస్‌యూలో, రాష్ట్రంలో ఉండేవాళ్ళకే ఏడాదికి దగ్గర దగ్గర పన్నెండు వేలు. కాస్ట్‌కోలో నూనె డబ్బా మీద మూడు డాలర్లు తగ్గించారంటే గరాజ్‌లో చోటు లేకపోయినా నాలుగు డబ్బాలు తెచ్చి పేర్చే మనిషిని నేను. కానీ నూనె వేరు, చదువు వేరు. చదువు చవగ్గా దొరికితే వీసా ఇంటర్వ్యూలో ఆఫీసరు నవ్వుతూ పలకరించినట్టు ఉంటుంది. ఏదో తేడా ఉందనిపిస్తుంది.

(ఇక్కడ మారికోపా ఊళ్ళో ఉండేవాళ్ళకి ఒక ప్రత్యేక సూచన. మీ ఊరు మారికోపా కౌంటీలో లేదు. పినాల్ కౌంటీలో ఉంది. మీ ఊళ్ళో ఉన్నది పినాల్ వాళ్ళ సెంట్రల్ అరిజోనా కాలేజీ. ఊరి పేరు చూసి ఇల్లు కొనేసి, తీరా ఫీజు కట్టే రోజున కౌంటీ మ్యాపు విప్పిన వాళ్ళని నేనెరుగుదును.)

ఇంత స్పష్టంగా వాదిస్తున్నా ఒక చిన్న చిక్కు మిగిలిపోయింది. దాచడం ధర్మం కాదు కాబట్టి చెప్తున్నాను. దాని పేరు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే పిల్లలు కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు సంపాదించుకునే ఏర్పాటు. మా అమ్మాయి పదకొండో తరగతిలో అలాగే ఇంగ్లీషు, లెక్కలు చేసింది. ఆ రోజుల్లో పాట్‌లక్‌కి, అంటే తలా ఓ వంటకం తెచ్చుకునే విందుకి, వెళ్ళినప్పుడల్లా పులిహోర గిన్నె టేబుల్ మీద పెట్టకముందే ఆ సంగతి చెప్పేవాణ్ణి. ‘పదహారేళ్ళకే కాలేజీ చదువండీ!’ అంటే అవతలి వదినగారి చేతిలో గరిట ఆగిపోయేది. మావిడ ఆ మార్కుల కాగితం ఫొటో తీసి తెనాలి పంపింది. మా మామగారు దాన్ని ప్రింటు తీయించి దేవుడి గూట్లో పెట్టారు.

ఇప్పుడదే పిల్ల, అదే కాలేజీలో, అదే మేడమ్ దగ్గర, తర్వాతి లెక్కల క్లాసు చదువుతానంటోంది. పదహారేళ్ళప్పుడు మేధావితనం అయినది పద్దెనిమిదేళ్ళు నిండేసరికి పరువు తక్కువ ఎలా అయింది నాన్నా అని అడిగింది. దీనికి నా దగ్గర చాలా మంచి సమాధానం ఉంది. గుర్తొచ్చాక చెప్తానన్నాను.

పిల్ల ఊరుకోలేదు, ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది. ఏజెక్ అని అందరూ చదవాల్సిన సాధారణ సబ్జెక్టుల కట్ట ఒకటి ఉందట, సుమారు ముప్పై అయిదు క్రెడిట్లు. అది పూర్తి చేస్తే ఏఎస్‌యూ, టూసాన్‌లోని యూనివర్సిటీ, ఫ్లాగ్‌స్టాఫ్‌లోని యూనివర్సిటీ, మూడూ దాన్ని కట్ట విప్పకుండా తీసుకుంటాయట. రెండేళ్ళ తర్వాత అక్కడికి మారితే, చివర్లో ఇచ్చే పట్టా మీద మొదటి రెండేళ్ళు ఎక్కడ చదివావో రాయరట. ఏఎస్‌యూలో మొదటి ఏడాది క్లాసంటే వందల మంది, గ్రేడింగ్ చేసేది ఏ నరసరావుపేట నుంచో ఎమ్మెస్‌కొచ్చి టీఏగా, అంటే ప్రొఫెసరుకి సహాయకుడిగా, పనిచేసే కుర్రాడే కావొచ్చు. ఇక్కడ క్లాసుకి పాతిక ముప్పై మంది, పాఠం చెప్పేదీ పేపరు దిద్దేదీ ఆ మేడమే. నేను శ్రద్ధగా విన్నాను. విని, ‘అదంతా సరేగానీ, కారు వెనక ఏ స్టిక్కర్ అంటించాలి?’ అన్నాను.

నవ్వకండి. ఇది తేలిగ్గా కొట్టి పారేసే ప్రశ్న కాదు. ఏఎస్‌యూ జట్టు పేరు సన్ డెవిల్స్, అంటే ఎండ దెయ్యాలు. మన వాళ్ళు కొత్త కారు కొని, గుళ్ళో వాహన పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేయించి, ఇంటికొచ్చాక వెనకద్దం మీద శూలం పట్టుకున్న దెయ్యం బొమ్మ అంటించుకుంటారు. దానికి ఏ పంతులుగారూ అభ్యంతరం చెప్పలేదు. దెయ్యమైనా యూనివర్సిటీ దెయ్యం కదా.

మరి స్కాట్స్‌డేల్ కమ్యూనిటీ కాలేజీ జట్టు పేరేమిటో తెలుసా? ఆర్టిచోక్స్. ముళ్ళ రేకులతో మొగ్గలా ఉండే ఓ కూరగాయ. 1970ల మొదట్లో కాలేజీ డబ్బంతా ఆటల మీద పోస్తున్నారని అక్కడి పిల్లలకి ఒళ్ళు మండింది. జట్టుకో పేరు పెట్టండర్రా అంటే, ఓటింగ్ పెట్టుకుని మరీ ఈ కూరగాయని గెలిపించారు. యాజమాన్యం ఏం చేస్తుంది? ఇప్పటికీ అదే పేరు. ఆర్టీ అని ఒక బొమ్మ కూడా ఉంది, ఆటల్లో గంతులేస్తుంది. ఫీజు డబ్బు ఎటు పోతోందని నిలదీసి, గెలిచి, ఆ గెలుపుని యాభై ఏళ్ళ పాటు చొక్కాల మీద వేసుకు తిరిగిన విద్యార్థులు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలీదు. మన కార్పొరేట్ కాలేజీల హాస్టల్ పిల్లలకి ఈ కథ చేరకుండా చూడాల్సిన బాధ్యత అందరిదీ. వాళ్ళు గనక ఓటింగ్ పెట్టుకుంటే దోసకాయ గెలుస్తుంది.

ప్రమాదం అంతటితో ఆగలేదు. 2021లో అరిజోనా చట్టం మార్చింది. 2023 నుంచి ఈ మారికోపా కాలేజీలు కొన్ని సబ్జెక్టుల్లో నాలుగేళ్ళ డిగ్రీలు కూడా ఇస్తున్నాయి. ఇటు చాండ్లర్‌లో ఇంటెల్, అటు ఫీనిక్స్ ఉత్తరాన తైవాన్ వాళ్ళ టీఎస్ఎంసీ చిప్పుల ఫ్యాక్టరీ. అక్కడి టెక్నీషియన్ పనులకి మేసా కాలేజీలో 2022లో పది రోజుల కోర్సు మొదలుపెట్టారు. పది రోజులే! మనకి అప్పగింతల పట్టుచీరకి జాకెట్టు కుట్టించడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఈ లోగా తెనాలి నుంచి ఫోను. మామగారు.

‘ఏమల్లుడూ, అమ్మాయి రెండేళ్ళ కాలేజీలో చేరుతుందటగా. అంటే మన పాలిటెక్నిక్ లాంటిదా?’

‘కాదు మామయ్యగారూ, ఇది... వేరే పద్ధతి.’

‘రెండేళ్ళు అక్కడ చదివి, తర్వాత పెద్ద కాలేజీలో మధ్యలో చేరడమేగా? నువ్వు చేసిందీ అదేగదయ్యా. డిప్లొమా చదివి, ఈసెట్ రాసి, రెండో ఏడాది బీటెక్‌లోకి దూకలా? ఆ రోజు మీ నాన్న ఊరంతా స్వీట్లు పంచాడు. నేను పిల్లనిచ్చాను.’

లైను సరిగ్గా లేదని ఫోను పెట్టేశాను. ఈ విషయం నా లింక్డిన్‌లో ఎందుకు లేదంటే అక్కడ చోటు తక్కువ.

మొన్న శనివారం అమ్మాయిని రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్ళక తప్పలేదు. బయట నూట పది డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. నేను టోపీ, నల్లద్దాలు, కోవిడ్ నాటి మాస్కు వేసుకుని కారు దిగాను. అడ్మిషన్ల కౌంటర్ ముందు లైన్లో నా ముందు ఒకాయన కూడా టోపీ, నల్లద్దాలు, మాస్కుతో నిలబడి ఉన్నాడు. పక్కన కొడుకు. టోపీ కింద నుంచి కుంకుమ బొట్టు సగం కనబడుతోంది. గొంతు సవరించుకున్న తీరుని బట్టి పోల్చుకున్నాను, పాట్‌లక్‌లో మా పులిహోర పక్కనే గుత్తి వంకాయ పెట్టే ఆయన. ఆయనా నన్ను పోల్చుకున్నాడు.

‘ఇక్కడ జిమ్ బావుంటుందన్నారండీ, చూసిపోదామని’ అన్నాడు.

‘మేం లైబ్రరీకొచ్చామండీ’ అన్నాను.

కౌంటర్ దగ్గరమ్మాయి తలెత్తి, ఇద్దరు పిల్లలదీ ఒకే లెక్కల సెక్షన్, కావాలంటే ఒకే కారులో రావచ్చని చెప్పింది.

మేమిద్దరం చాలాసేపు పార్కింగ్ మ్యాపు వంకే చూస్తూ నిలబడ్డాం. చివరికి ఆయనే దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగాడు: ‘సోమ, బుధ నేను దింపుతాను. మంగళ, గురు మీకు కుదురుతుందాండీ?’