బొటనవేలి మీద నుమిడియా

ఆదివారం బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం ఆటకి, రోము మీద పోరాడిన కార్తేజ్ సేనాని హానిబల్ సైన్యం నాది, అది సిద్ధం కావాలి. అందులో ఉండాల్సిన ఉత్తర ఆఫ్రికా నుమిడియా రౌతుల పెట్టె దొరకలేదు. రోమన్ రౌతుల పెట్టె తెచ్చి, వాళ్లనే నుమిడియన్లుగా మార్చేద్దామనుకున్నాను. తప్పేముంది? రోమన్ల దగ్గర పట్టుకున్న ఆయుధాలు హానిబల్ తన ఆఫ్రికా సైనికులకి తొడిగాడని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ రాశాడు. నేను రోమన్లనే తొడుక్కుంటున్నాను, అంతే తేడా. ఎనిమిది గుర్రాలు, ఎనిమిది మంది మనుషులు, 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్. కవచాలు అరగదీసి చొక్కాలు చేశాను, హెల్మెట్లు గీకేశాను, ఆదివారం నాతో ఆడేవాడికి ఫోటో పంపాను.

అవతలి సైన్యం వాడిది. స్నేహితుడే, కాకపోతే చదువుకున్నవాడు. "కళ్లేలేంట్రా? నుమిడియన్లు కళ్లెం లేకుండా స్వారీ చేసేవాళ్లు కదా" అన్నాడు. బాగుందనో బాలేదనో ఒక్క ముక్క లేదు.

పుస్తకాలు తిరగేశాను. వాడన్నది నిజమే, అదే మండింది. రోములో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ చక్రవర్తి స్తంభం మీద చెక్కిన బొమ్మల్లో మూర్ రౌతులు ఉన్నారు, నుమిడియన్ల పొరుగువాళ్లే. వాళ్ల గుర్రాలకి కళ్లెం లేదు. పైగా ఆ రౌతుల జుట్టు మెలికలు మెలికలుగా, ఎవరో ఓపిగ్గా చుట్టిపెట్టినట్టుంది. దాంతో జుట్టు కూడా పెట్టాలన్న బుద్ధి పుట్టింది. కళ్లేలు చెక్కడానికి రెండు రాత్రులు పట్టింది. అచ్చులోనే ముక్కుకి అతుక్కుని వచ్చిన పట్టీలవి. బ్లేడు కొంచెం జారితే కళ్లెంతో పాటు ముక్కూ పోతుంది. మూడు గుర్రాలకి పోయింది కూడా.

ఇక జుట్టు. పచ్చ రంగు పుట్టీ వాడాను. పసుపు ముద్దా నీలం ముద్దా కలిపి పిసికితే పచ్చబడుతుంది, పూర్తిగా గట్టిపడ్డానికి ఒక రోజు పడుతుంది. ఆ రోజు నా దగ్గర లేదు. ఆఫీసుకి బయల్దేరే ముందు పావుగంట ఉంది. చివరివాడికి జుట్టు చుట్టి, తల మెడ మీద పెట్టి, ప్లాస్టిక్ జిగురైతే ఆలస్యమవుతుందని సూపర్ గ్లూ చుక్క వేసి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. పది అంకెలు లెక్కపెట్టి చెయ్యి తీశాను. మొండెం టేబుల్ మీద నిలబడింది. తల నాతో వచ్చేసింది.

లాగాను, రాలేదు. అసిటోన్ రాస్తే జిగురు కరుగుతుందని తెలుసు. ఈ ప్లాస్టిక్ కూడా కరుగుతుందనీ తెలుసు. వేలు కావాలా, తల కావాలా? ఈ ప్రశ్నకి బుర్ర ఉన్నవాడెవడైనా క్షణంలో జవాబు చెప్తాడు. నేను మాత్రం సబ్బునీళ్లలో వేలు ముంచుకుని మూడు నిమిషాలు ఆలోచించాను. తలనే ఎంచుకున్నాను.

మా ఆఫీసులో హాజరు వేలిముద్రతో. అది కూడా కుడి బొటనవేలే, ఇంకో వేలు నమోదు చేసుకోవడానికి వీల్లేదు. ఎందుకని ఒకసారి అడిగాను. "సిస్టమ్ అంతే సార్" అన్నారు. మనిషికి పది వేళ్లున్న సంగతి ఆ సిస్టమ్ రాసినవాడికి ఎవరూ చెప్పలేదేమో. వరుసలో నా వంతు వచ్చింది. వేలు పెట్టాను. నుమిడియా వీరుడి ముక్కు గాజు పలకకి టక్కున తగిలింది. "దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అంది యంత్రంలోని ఆడగొంతు. పక్కకి వంచి పెట్టాను. దయచేసి మళ్లీ. ఈసారి తలని పైకి తోసి, కింద మిగిలిన కాస్త చర్మాన్ని ఆనించాను. దాని మీద ఎండిన గ్లూ, గాజు మీద గాజు పెట్టినట్టుంది. దయచేసి మళ్లీ. వెనక పదిమంది పోగయ్యారు. ఒకాయన దగ్గాడు. ఆ దగ్గు జలుబుది కాదు.

సెక్యూరిటీ ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. "ఏంటి సార్ ఇది, పులిపిరా?"

"కాదండీ, తలకాయ."

"ఎవరిది సార్?"

ఏం చెప్పను? "నుమిడియా అతనిది" అన్నాను. ఆయన తల కేసి ఓసారి, నా తల కేసి ఓసారి చూసి, "దారివ్వండి సార్, వెనక వాళ్లకి లేటవుతుంది" అన్నాడు.

మధ్యాహ్నానికి నేను గైర్హాజరు అని మెయిల్ వచ్చింది. కారణం ఎంచుకోమంది: అనారోగ్యం, ప్రయాణం, ఇతరములు. ఇతరములు నొక్కితే వివరం యాభై అక్షరాలు దాటకూడదట. హానిబల్ రోమన్లని చిత్తు చేసిన కానే యుద్ధాన్ని యాభై అక్షరాల్లో చెప్పేయొచ్చు, దీన్ని చెప్పలేం.

నాలుగింటికి తల దానంతటదే ఊడి కీబోర్డులో పడింది. తీసి చూస్తే మెలికల జుట్టు లేదు. దాని స్థానంలో నా బొటనవేలి గీతలు సుడి తిరిగి, రేఖ రేఖా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆ యంత్రానికి నన్ను కాక వీణ్ణి చూపించి ఉంటే హాజరు పడేది.

రాత్రి తల అతికించి, ఎనిమిది మందినీ వరుసగా నిలబెట్టి మళ్లీ ఫోటో పంపాను. వెంటనే జవాబొచ్చింది.

"కళ్లేలు తీశావు, ఓకే. మరి జీన్లేంట్రా?"

ట్రాజన్ స్తంభం ఫోటో మళ్లీ తెరిచి, పెద్దది చేసి చూశాను. ఒక్క గుర్రానికీ జీను లేదు.