కొత్త కీబోర్డు కాదు, పాత తిత్తికి తోలు

పోయిన క్రిస్మస్‌కి హనుమకొండ వెళ్లినప్పుడు మా చర్చి వెనక గదిలో, విరిగిన బెంచీల కింద, మా తాతయ్య వాయించిన కాళ్ల హార్మోనియం కనబడింది. దుమ్ము తుడిచి పెడల్ తొక్కితే ఎలుకలు కొరికిన తిత్తిలోంచి గాలి బుస్సుమని పోయింది, అయినా ఒక మెట్టు మాత్రం నేను నొక్కకుండానే సన్నగా పలకడం మొదలుపెట్టి, కాలు తీసేదాకా ఆగలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు అక్కడ వాయిస్తున్నది కీబోర్డు. దానికి డబ్బు పంపింది ఇక్కడ అమెరికాలో ఉన్న మన సంఘమే. అందులో నా చందా కూడా ఉంది, అది పొరపాటని ఇప్పుడు అనిపిస్తోంది.

నేనుండే ఫిలడెల్ఫియాలో, మొన్నటిదాకా పెద్ద స్టోర్‌గా నడిచిన ఒక బిల్డింగ్ మధ్యలో వానమేకర్ ఆర్గన్ ఉంది, గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పైప్ ఆర్గన్. 1904 సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్ కోసం దాదాపు 10,000 గొట్టాలతో తయారైంది, 1911లో ఇక్కడ మోగింది, తర్వాత పెంచుకుంటూ పోయి 28,000 దాటించారు. అంత పెద్దది వందేళ్లు నిలిచిందంటే ఆ బిల్డింగ్‌లోనే దానికంటూ ఒక వర్క్‌షాపు, రోజూ దాన్నే చూసుకునే మనుషులు ఉండటం వల్ల. 2025 మార్చిలో ఆ స్టోర్ మూతపడే ముందు దాన్ని వినడానికి జనం కిక్కిరిసిపోయారు.

మన చర్చిల్లో చాలావాటికి పైప్ ఆర్గన్ కొనే స్తోమత లేదు, పెట్టే చోటూ లేదు. అందుకే ఈ కాళ్ల హార్మోనియంలు వచ్చాయి. ఆర్గన్‌లో గాలి గొట్టంలో పలుకుతుంది, ఇందులో ఇత్తడి రీడు మీద, అంటే గాలికి అదిరే సన్నటి రేకు మీద పలుకుతుంది, అంతే తేడా. రీడు తొందరగా పాడవదు, పోయేది తోలూ బట్టా.

ఊళ్లో గుడి భజనల హార్మోనియంలు బాగుచేసే ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చి చూపించాను. ఆయన ఒక రీడు బయటికి లాగి, చొక్కాకి తుడిచి, నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. ఖంగుమని పలికింది. "రీడ్లకేం కాలేదు బిడ్డా, తోలే పోయింది" అన్నాడు. పక్కన కూర్చుని పని నేర్చుకోవడానికి ఆయనకి ఒక్క కుర్రాడు కూడా లేడు.

ఈ ఏడు మన సంఘం చందా కొత్త సౌండ్ సిస్టమ్‌కి వద్దు. ఆ తోలుకి, ఆయన కూలికి, ఆయన దగ్గర పని నేర్చుకునే ఒక పిల్లాడి నెల జీతానికి పంపుదాం. అదీ వానలు పడకముందే, ఆ వెనక గది గోడకి ఇప్పటికే చెమ్మ పట్టింది.